విమానక్షేత్రములను ఛాయాచిత్రములలో గుర్తించుట

సుల్తానాబాదు నుండి రాజీవ్ రహదారి మీద రామగుండము వైపు పోవుచు పెద్దపల్లి దాటినచో బసంత్‌నగర్ వచ్చును. అక్కడి సిమెంటు కర్మాగారమును దారిన పోవువారందరును చూతురు. కాని ఆ సమీపముననే ఒక విమానక్షేత్రము కూడ ఉన్నదను సంగతి మన విద్యార్థులలో చాలమందికి తెలియదు. కేశోరాం సిమెంటు కంపెనీవారి ఆ రన్‌వే మీద 1980 తరువాతి దశకములో వాయుదూత్ సంస్థవారి చిన్న విమానములు కొంతకాలము వచ్చి పోయెడివి. ఆ రాకపోకలు నిలిచిపోయి చాల ఏండ్లయినది. నేల మీద నిలిచి చూచువానికి అది ఎక్కడికిని పోని ఒక రోడ్డు ముక్కవలె తోచును. అదే స్థలమును ఉపగ్రహము తీసిన ఫోటోలో చూపినచో, బసంత్‌నగర్ పేరైనను విననివాడు, తెలుగుదేశమును ఎన్నడును చూడనివాడు, "ఇది విమానక్షేత్రము" అని క్షణములో చెప్పగలడు.

అతనికి ఆ సంగతి ఎట్లు తెలిసినది? ప్రపంచములో ఏ మూలనున్న విమానక్షేత్రమునైనను కేవలము ఒక ఫోటో చూచి గుర్తుపట్టుట ఒక విద్య. దానికి నూరేండ్లకు పైబడిన చరిత్ర కలదు. ఆ విద్య కేవలము కంటి నేర్పు కాదు. విమానక్షేత్రము యొక్క ప్రతి గుర్తు వెనుకను ఒక భౌతికకారణ మున్నది. ఆకారమును మాత్రమే చూచువాడు మోసపోవును. కారణమును ఎరిగినవాడు సాధారణముగా మోసపోడు. ఈ వ్యాసములో చెప్పదలచిన విషయ మిదియే.

గుమ్మటము నుండి విమానము వరకు

ఆకాశము నుండి ఫోటో తీయవలెనను కోరిక విమానము కంటె పాతది. 1858లో నాదార్ అను ఫ్రెంచి ఛాయాగ్రాహకుడు పారిస్ సమీపమున వాయుగుమ్మటములో పైకెగిరి క్రింది నేలను ఫోటో తీసెను. ఆ చిత్రములు నేడు లభ్యములు కావు. 1860లో జేమ్స్ వాలెస్ బ్లాక్ అను నతడు గుమ్మటము నుండి తీసిన అమెరికాలోని బోస్టన్ నగరపు చిత్రము మాత్రము నేటికిని నిలిచియున్నది. 1903లో రైటు సోదరులు విమానమును ఎగురవేసిన తరువాత ఆరేండ్లకే, అనగా 1909లో, ఇటలీలో విల్బర్ రైటు నడుపుచున్న విమానము నుండి చలనచిత్రము తీసిరి.

మొదటి ప్రపంచయుద్ధములో (1914–1918) ఉభయపక్షములవారును శత్రువుల కందకములను విమానముల నుండి వేల సంఖ్యలో ఫోటోలు తీసిరి. అయితే ఆనాటి విమానక్షేత్రమునకు రన్‌వే ఉండెడిది కాదు. అది విశాలమైన పచ్చిక మైదానము మాత్రమే. నాటి తేలికయైన విమానములకు అంతకంటె అక్కరలేదు. గాలి ఏ దిక్కు నుండి వీచిన ఆ దిక్కునకే ముఖము పెట్టి విమానము పరుగెత్తెడిది. అటువంటి మైదానమును పశువులు మేయు బీడు నుండి వేరుపరచి గుర్తించు టెట్లు? ఒక అంచున వరుసగా నున్న గుడారపు షెడ్లు, వాని నుండి మైదానము మధ్యకు పోవు చక్రముల జాడలు, తోకక్రింది కొయ్య గీచిన గీతలు—ఇవియే నాటి ఆధారములు. పశువుల జాడలు నీటివైపు పోవును. విమానపు జాడలు షెడ్డువైపు పోవును. నాటి పరిశీలకుని తర్కము ఇంత సులభమైనది. అయినను అది తర్కమే గాని ఊహ కాదు.

రెండవ ప్రపంచయుద్ధములో ఈ విద్య

ఈ విద్యను శాస్త్రముగా తీర్చినది రెండవ ప్రపంచయుద్ధము. ఆస్ట్రేలియాలో పుట్టిన సిడ్నీ కాటన్ అను వైమానికుడు 1939లో, యుద్ధము ఇంకను ప్రారంభము కాకముందే, తన ప్రయాణీకుల విమానములో కెమెరాలను రహస్యముగా అమర్చి జర్మనీ మీదుగా ఎగురుచు ఫోటోలు తీసెను. చాల ఎత్తున చలికి కెమెరా కటకములపై మంచు పట్టెడిది. కెమెరాల మీదుగా వెచ్చని గాలి పారునట్లు చేసి ఆయన ఆ చిక్కును తొలగించెను. ఆయన ఏర్పరచిన విభాగమే తరువాత బ్రిటిష్ వాయుసేన ఛాయాచిత్ర పరిశీలనకు పునాది యైనది.

1941 నుండి ఈ పని ఇంగ్లండులో థేమ్సు నది ఒడ్డున మెడ్మెన్‌హామ్ అను గ్రామములో పెద్దయెత్తున జరిగినది. అక్కడ విమానక్షేత్రములకై ఒక ప్రత్యేక విభాగమే ఉండెను. దానికి నాయకత్వము వహించినది అర్సులా పావిస్-లిబ్ అను స్త్రీ. యుద్ధమునకు పూర్వము ఆమె ఛాయాగ్రాహకురాలు. విమానముల గుర్తింపు విభాగమునకు కాన్‌స్టెన్స్ బాబింగ్టన్ స్మిత్ అధిపతి. ఆమె పూర్వము విమానయాన పత్రికలో వ్రాయుచుండెను. 1943 నవంబరులో తీసిన ఫోటోలలో, జర్మనీలోని పీనెముండె విమానక్షేత్రపు అంచున, ఒక వాలుబల్ల మీద చీమతలంత రెక్కల ఆకారమును ఆమె గుర్తించెను. అది వి-1 అను పైలటు లేని ఎగిరెడు బాంబు. లండను నగరము మీద ఆ బాంబులు పడనారంభించుటకు కొన్ని నెలల ముందే ఆమె కన్ను దానిని పట్టుకొన్నది.

ఈ పరిశీలకులకు రెండు ముఖ్యసాధనము లుండెను. మొదటిది స్టీరియోస్కోపు. విమానము తిన్నగా పోవుచు వరుసగా తీయు ఫోటోలలో ప్రతి రెండింటిలోను నేల సుమారు 60 శాతము ఉమ్మడిగా వచ్చునట్లు చూతురు. ఒక చిత్రమును కుడికంటితోను, రెండవదానిని ఎడమకంటితోను ఒకేసారి చూచినచో ఇండ్లు, చెట్లు, గుట్టలు పైకి లేచినట్లు కనబడును. మన రెండు కండ్ల మధ్య దూరము ఆరు ఏడు సెంటీమీటర్లు మాత్రమే. రెండు ఫోటోలు తీసిన స్థానముల మధ్య దూరము వందల మీటర్లు. అనగా పరిశీలకుడు రాక్షసుని కండ్లతో నేలను చూచుచున్నా డన్నమాట.

రెండవ సాధనము నీడ. పై నుండి చూచినచో దీపస్తంభము ఒక చుక్క మాత్రమే. దాని నీడ దాని పొడవును చెప్పును. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరము. మన కన్ను వెలుగు పై నుండి వచ్చుటకు అలవాటు పడినది. నీడలు మనవైపు పడునట్లు ఫోటోను త్రిప్పి పెట్టుకొనవలెను. లేనిచో గుట్ట గోతివలెను, గోయి గుట్టవలెను కనబడును. ఉత్తరమును పైకి పెట్టి ముద్రించు చిత్రములలో మన దేశపు నీడలు సంవత్సరములో చాలభాగము పైవైపునకే పడును. కనుక అట్టి చిత్రమును తలక్రిందులు చేసి మరియొకసారి చూచుట మంచిది.

గుర్తులు ఎందుకు ఏర్పడినవి?

ఇక అసలు విషయమునకు వత్తము. విమానములు బరువెక్కినకొలది పచ్చిక నేల వానిని మోయలేకపోయినది. కాంక్రీటుతోనో తారుతోనో గట్టి రన్‌వేలు వేయవలసి వచ్చెను. మైదానమంతయు కాంక్రీటు వేయుట అసాధ్యము గనుక ఏ దిక్కున వేయవలెనను ప్రశ్న పుట్టినది. దీనికి సమాధానము చెప్పునది గాలి.

విమానము గాలికి ఎదురుగా లేచును, ఎదురుగానే దిగును. ప్రక్కగాలి అపాయకరము. గాలివేగము గంటకు 30 కిలోమీటర్లు, అది రన్‌వేతో చేయు కోణము 30 డిగ్రీలు అనుకొందము. 30 డిగ్రీల సైను విలువ అర గనుక ప్రక్కగాలి గంటకు 15 కిలోమీటర్లు. కోణము 90 డిగ్రీలైనచో మొత్తము 30 కిలోమీటర్లును ప్రక్కగాలియే. సంవత్సరములో నూటికి 95 వంతుల కాలము ప్రక్కగాలి పరిమితిలో నుండునట్లు రన్‌వే దిక్కును నిర్ణయింపవలెనని అంతర్జాతీయ పౌరవిమానయాన సంస్థ ప్రమాణము.

మన తెలంగాణములో వానకాలపు గాలి పడమటి వైపు నుండి, చలికాలపు గాలి తూర్పు, ఈశాన్యముల నుండి వీచును. కనుకనే హైదరాబాదులోని బేగంపేట రన్‌వే తూర్పు పడమరలుగా నున్నది. శంషాబాదు రన్‌వేలును అట్లే యున్నవి. రన్‌వే కొనలయందు పెద్ద అంకెలు వ్రాయుదురు. అవి దిక్సూచి డిగ్రీలను పదితో భాగించి వచ్చిన సంఖ్యలు. తూర్పు 90 డిగ్రీలు గనుక 09. పడమర 270 డిగ్రీలు గనుక 27. ఒకే రన్‌వే రెండు కొనల సంఖ్యలకు ఎప్పుడును 18 తేడా యుండును. విశాఖపట్టణములో 10, 28 అను సంఖ్యలు కనబడును. అంకెలు లేని పాత రన్‌వే దిక్కును మ్యాపు మీద కోణమాపకముతో కొలిచిన ఆ ఊరి గాలిని గూర్చి మనకు తెలియును. ఊరి గాలికి అడ్డముగా నున్న తిన్నని పట్టీ కనబడినచో అది రన్‌వే యగునా యని సందేహింపవలెను.

యుద్ధకాలపు బ్రిటిష్ క్షేత్రములు ఒక రన్‌వేతో తృప్తిపడలేదు. నాటి విమానములకు తోకక్రింద చక్ర ముండుటవలన ప్రక్కగాలికి అవి సులభముగా తిరిగిపోయెడివి. కావున సుమారు 60 డిగ్రీల కోణములలో మూడు రన్‌వేలు వేసిరి. 1942 నాటి ప్రమాణము ప్రకారము ప్రధానమైనది 2,000 గజములు, అనగా సుమారు 1,830 మీటర్లు. తక్కిన రెండును 1,400 గజములు, అనగా 1,280 మీటర్లు. వెడల్పు 50 గజములు. ఇంగ్లండు పొలములలో నేటికిని ఇంగ్లీషు 'ఎ' అక్షరము వంటి గీతలు ఆకాశము నుండి కనబడుటకు కారణ మిదియే. ముందువైపు చక్రముగల విమానములు వచ్చిన తరువాత ప్రక్కగాలి భయము తగ్గినది. ఒకే రన్‌వే చాలినది. కావున మూడు గీతల క్షేత్రము కనబడినచో అది చాలవరకు 1940 ప్రాంతపు నిర్మాణమని చెప్పవచ్చును.

పొడవు కూడ కాలమును చెప్పును. డక్కను ఎయిర్‌వేస్ సంస్థవారి డకోటా విమానమునకు సుమారు ఒక కిలోమీటరు చాలెడిది. 2008లో ప్రారంభమైన శంషాబాదు ప్రధాన రన్‌వే పొడవు 4,260 మీటర్లు. ఇందులో వేడికిని పాలున్నది. మన రామగుండము వేసవిలో వలె ఉష్ణోగ్రత 45 డిగ్రీలకు పోయినదనుకొనుడు. 15 డిగ్రీల గాలితో పోల్చినచో ఆ గాలి సుమారు 9 శాతము పలుచన. పలుచని గాలి రెక్కలను తక్కువగా ఎత్తును, ఇంజనుకు తక్కువ బలము నిచ్చును. ప్రామాణిక ఉష్ణోగ్రతకు పైన ప్రతి డిగ్రీకి ఒక శాతము, సముద్రమట్టమునకు పైన ప్రతి 300 మీటర్లకు ఏడు శాతము రన్‌వే పొడవు పెంచవలెనని లెక్క. వేడిదేశములందును పీఠభూములందును రన్‌వేలు పొడవుగా నుండుట ఇందువలననే.

ఫోటోపై కొలత

ఆకారము మాత్రమే చాలదు, కొలత కావలెను. విమానము నుండి తిన్నగా క్రిందికి తీసిన ఫోటో యొక్క స్కేలు కనుగొనుట సులభము. కెమెరా నాభ్యంతరమును ఎగిరిన ఎత్తుతో భాగింపవలెను. నాభ్యంతరము 15 సెంటీమీటర్లు, ఎత్తు 3,000 మీటర్లు అయినచో స్కేలు 20,000లో ఒకటవ వంతు. ఫోటోలో ఒక సెంటీమీటరు నేల మీద 200 మీటర్లు. అందులో పది సెంటీమీటర్ల గీత రెండు కిలోమీటర్ల రన్‌వే.

ఎత్తు తెలియనప్పుడు ఫోటోలోనే తెలిసిన వస్తువును వెదకవలెను. రన్‌వే మొదట తెల్లని నిలువు చారలుండును. వాని సంఖ్య వెడల్పును బట్టి నిర్ణయమైనది: 18 మీటర్లకు 4, 23 మీటర్లకు 6, 30 మీటర్లకు 8, 45 మీటర్లకు 12, 60 మీటర్లకు 16. చారలు లెక్కపెట్టిన వెడల్పు తెలియును. వెడల్పు తెలిసిన తక్కినదంతయు కొలువవచ్చును. వాడుకలో నున్న రన్‌వేకు ఇంకొక గుర్తు నల్లని మరక. దిగునప్పుడు చక్రములు నేలను రాచుకొని రబ్బరు అంటుకొనుటవలన కొన నుండి కొంత దూరమున ఆ నలుపు ఏర్పడును. మూసివేసిన రన్‌వే మీద పెద్ద గుణకారపు గుర్తు వేయుదురు.

కొలతను మరచినచో ఏమగునో బొంబాయిలో ఒకసారి ఋజువైనది. అక్కడ శాంతాక్రజ్ విమానాశ్రయమునకు కొద్ది దూరములోనే జుహు అను చిన్న విమానక్షేత్ర మున్నది. రెంటి ప్రధాన రన్‌వేలును ఇంచుమించు ఒకే దిక్కునకు ఉన్నవి. 1972 సెప్టెంబరు 24న జపాను ఎయిర్‌లైన్సువారి డి.సి.-8 జెట్ విమానము శాంతాక్రజ్ అనుకొని జుహులో దిగి, రన్‌వే చాలక దాని కొన దాటిపోయినది. అదృష్టవశమున ప్రాణనష్టము కలుగలేదు. ఫోటో చూచువాని తప్పు దిద్దుకొనుటకు సమయ ముండును. పైలటుకు అట్టి సమయము లేదు.

మోసములు, పొరపాట్లు

గుర్తులను ఎరిగినవాడు వానిని దాచుటకును పూనుకొనును. పసిఫిక్ మహాసముద్రములోని సాలమన్ ద్వీపములలో ముండా అనుచోట జపానువారు 1942 చివర కొబ్బరితోట నడుమ రన్‌వే నిర్మించిరి. పై నుండి తోట చెక్కుచెదరనట్లు కనబడుటకై కొబ్బరి తలలను తీగలపై వ్రేలాడదీసిరి. ఆ డిసెంబరులో అమెరికనుల ఫోటోలు గుట్టు బయటపెట్టినవి. బ్రిటనులో కర్నల్ టర్నర్ ఆధ్వర్యమున దీనికి విరుద్ధమైన ఉపాయము సాగినది. పగటి మోసమునకు బొమ్మ విమానములు నిలిపిన ఉత్త మైదానములు, రాత్రి మోసమునకు రన్‌వే దీపముల వంటి దీపములు ఏర్పాటు చేసి శత్రువు బాంబులను బీడునేలలపై పడవేయించిరి.

కోసిన ఆకు సాధారణపు ఫోటోలో కొంతకాలము పచ్చగానే కనబడును. కాని జీవమున్న ఆకు మన కంటికి కనబడని పరారుణకాంతిని మిక్కుటముగా పరావర్తనము చేయును. వాడిన ఆకు అట్లు చేయదు. ఈ భేదమును పట్టు ప్రత్యేక ఫిల్మును మారువేషములను కనుగొనుటకే యుద్ధకాలములో తయారుచేసిరి. ఆ జాతి ఫిల్ముతోనే 1970లో పి. ఆర్. పిషారోటి గారు కేరళ కొబ్బరితోటలను హెలికాప్టరు నుండి ఫోటో తీయించి, తెగులు సోకిన చెట్లను గుర్తించు ప్రయోగము చేసిరి. భారతదేశములో దూరగ్రహణ విజ్ఞానమునకు అది నాంది. కొబ్బరాకు మాటున విమానక్షేత్రమును దాచిన యుద్ధవిద్య ఇట్లు కొబ్బరిచెట్టు వైద్యమునకు ఉపయోగపడినది.

ఎవరును మోసగింప నక్కరలేకయే మనము మోసపోవుటయు కలదు. సుల్తానాబాదు చుట్టుప్రక్కల బియ్యపు మిల్లులు విస్తారముగా నున్నవి. తరగతిలో ఒక ఉపగ్రహ చిత్రమును చూపగా ఒక విద్యార్థి మిల్లును విమానాశ్రయ మనెను. వాని పొరపాటు అర్థవంతమైనదే. పొడవైన గోదాము పైకప్పు విమానముల షెడ్డువలె నున్నది. వడ్లు ఆరబెట్టు సిమెంటు కళ్ళము విమానములు నిలుపు చోటువలె నున్నది. అయితే పొగగొట్టపు నీడ, ప్రక్కనే ఊక కుప్ప కనబడుచున్నవి. అన్నిటికంటె ముఖ్యముగా, కళ్ళము నుండి ఏ బాటయు రన్‌వేకు పోవుట లేదు. రన్‌వే లేని షెడ్డు విమానాశ్రయము కానేరదు.

నేను చేసిన పొరపాటు ఇంతకంటె పెద్దది. ఒక చిత్రములో తిన్నగా, లేత రంగులో, సుమారు ఎనిమిది వందల మీటర్ల పట్టీని చూచి, నిజాము కాలపు విమానక్షేత్రము దొరికినదని సంతోషించి తరగతిలో చెప్పితిని. "సార్, అది మా పెదనాయన వాళ్ళ భూమి. మొన్ననే ప్లాట్లు చేసిండ్రు" అని వెనుక బెంచి నుండి ఒక విద్యార్థి పలికెను. పోయి చూడగా హద్దురాళ్ళు పాతియున్నవి. ఆ పట్టీకి ఇరువైపుల సమదూరములలో లంబకోణముగా సన్నని గీతలున్నవి, అవి వీధులు. చిత్రములో అవి నాకును కనబడినవి. కాని నా మనస్సు కోరినదానినే నా కన్ను చూచినది. నాడు ఆ విద్యార్థి నాకు గురువు.

ఆకసము దాటి అంతరిక్షమునకు

1960 ఆగస్టు 18న అమెరికావారు కరోనా అను రహస్య ఉపగ్రహము నుండి మొదటిసారిగా సోవియటు భూమిని ఫోటో తీసిరి. ఫిల్మును ఒక పెట్టెలో క్రిందికి పంపగా, మరునాడు అది పారాషూటుతో దిగుచుండగనే విమానముతో గాలిలో పట్టుకొనిరి. అంతరిక్షము నుండి వచ్చిన ఆ మొదటి ఫోటోలలో గుర్తించినది ఒక విమానక్షేత్రమే: సైబీరియా ఉత్తరపు కొసన నున్న మీస్ ష్మిత్. ఆ చిత్రములో సుమారు 12 మీటర్ల కంటె చిన్న వస్తువులు కానరావు. ఇండ్లు తెలియకున్నను రన్‌వే తెలిసినది. 1972 వరకు సాగిన ఈ పథకపు ఎనిమిది లక్షలకు పైబడిన చిత్రములను 1995లో బహిరంగపరచిరి. నేడు అవి చరిత్రకారులకు పెన్నిధి.

మన దేశము దూరగ్రహణ ఉపగ్రహము ఐ.ఆర్.ఎస్.-1ఎను 1988 మార్చి 17న ప్రయోగించెను. దాని మెరుగైన కెమెరాలకు ఒక చుక్క 36 మీటర్ల నేల. పెద్ద రన్‌వే అందులో సన్నని గీత మాత్రమే. 1995 నాటి ఐ.ఆర్.ఎస్.-1సి లో ఒక చుక్క 5.8 మీటర్లు, టాక్సీబాటలు కూడ తెలియవచ్చును. 2005 నాటి కార్టోశాట్-1 లో 2.5 మీటర్లు, రెండు కెమెరాలతో స్టీరియో చిత్రములను కూడ అది తీసినది. రన్‌వే చార వెడల్పు సుమారు 1.8 మీటర్లు గనుక అందులోను చారలు ఒండొంటితో కలిసిపోవును. 2019 నవంబరు 27న ఎగిరిన కార్టోశాట్-3 చుక్క పావు మీటరు. ఇక చారలను వ్రేలు పెట్టి లెక్కింపవచ్చును. ఈ చిత్రముల నన్నిటిని సేకరించు జాతీయ దూరగ్రహణ కేంద్రము మన హైదరాబాదులోనే యున్నది. 2009లో వచ్చిన భువన్ అను పటసేవ ద్వారా ఏ పాఠశాలయైనను వీనిని చూడవచ్చును. ఒకప్పుడు విమానఫోటోలు రక్షణశాఖ అనుమతి లేనిదే చేతికి వచ్చెడివి కావు. 2021 ఫిబ్రవరిలో ప్రభుత్వము పటములపై నిబంధనలను చాలవరకు సడలించినది.

మన నేలపై నున్న సాక్ష్యములు

ఇక ఈ కన్నుతో మన ప్రాంతమును చూతము. వరంగల్లు సమీపమున మామునూరు క్షేత్రము 1930లో ఏడవ నిజాము పాలనలో ఏర్పడినది. ఆదిలాబాదులోను నిజాము కాలపు విమానమైదాన మున్నది. ఇక్కడ చరిత్ర ఒక చిత్రమైన మలుపు తిరిగినది. జర్మను క్షేత్రములను రహస్యముగా ఫోటో తీసిన సిడ్నీ కాటనే 1948లో కరాచీ నుండి లాంకాస్ట్రియన్ విమానములలో నిజాము ప్రభుత్వమునకు రహస్యముగా ఆయుధములు చేరవేసెను. రాత్రివేళ ఆ విమానములు దిగినది బీదరు, వరంగల్లు వంటి క్షేత్రములలోనే. పరుల విమానక్షేత్రములను గుర్తించు విద్యకు పునాది వేసినవాడు మన విమానక్షేత్రములలో చీకటిమాటున దిగెను!

ఆంధ్రప్రదేశములో ప్రకాశము జిల్లా దొనకొండ యుద్ధకాలపు క్షేత్రము. తాడేపల్లిగూడెములో యుద్ధకాలపు విమానక్షేత్ర భూములలో 2015లో మంజూరైన జాతీయ సాంకేతిక విద్యాసంస్థ నెలకొన్నది. మద్రాసు దగ్గర చోళవరము రన్‌వే మీద యుద్ధానంతరము చాలకాలము మోటారు పందెములు జరిగినవి. ఒకచోట విద్యాలయము, ఒకచోట పందెము. అయినను పై నుండి చూచినచో పాత గీత పూర్తిగా చెరగదు. దిమ్మిసతో గట్టిపరచిన నేలలో వేళ్ళు లోతుగా దిగవు. అక్కడి గడ్డి ముందుగా ఎండును. కట్టిన ఇండ్లు సైతము పాత రన్‌వేను వెన్నంటి వరుసగా నిలుచును.

దీనికి విరుద్ధముగా, రోడ్డే విమానక్షేత్రమగుటయు నేడు చూచుచున్నాము. కొరిశపాడు వద్ద 16వ జాతీయ రహదారిలో కొంత భాగమును విమానములు అత్యవసరముగా దిగుటకు అనువుగా నిర్మించిరి. 2022 డిసెంబరులో వాయుసేన విమానములు దానిపై తక్కువ ఎత్తున ఎగిరి పరీక్ష జరిపినవి. రోడ్డులో ఆ భాగము మాత్రమే ఎందుకు అంత వెడల్పుగా, అంత తిన్నగా, నడిమి చెట్లు లేక యున్నదని అడిగిన విద్యార్థికి అది దొరకును. అడుగనివానికి అది రోడ్డు మాత్రమే.

దీనివలన ప్రయోజనమేమి?

ఇదంతయు కాలక్షేపము కాదు. మామునూరులో విమానాశ్రయము నభివృద్ధి చేయుటకు 2025 ఫిబ్రవరిలో కేంద్ర పౌరవిమానయాన శాఖ అనుమతి నిచ్చినది. పాత రన్‌వే ఎంత, భూమి ఎంతవరకు, చుట్టు ఏమి మొలచినది అను ప్రశ్నలకు ఏండ్లవారీగా తీసిన చిత్రములను మించిన సాక్షి లేదు. కాగితము మీది హద్దులపై వివాదము రావచ్చును. 1960 ప్రాంతపు చిత్రములో పొలమున్నదా, రన్‌వే ఉన్నదా అనుటలో వివాదమునకు తావు తక్కువ. పెద్దవారి జ్ఞాపకములు సన్నగిల్లకముందే వానిని చిత్రములతో సరిచూచి వ్రాసియుంచుట మనవంటి ఉపాధ్యాయుల పని.

ఉపాధ్యాయులకు ఒక సూచన. తరగతికి ఒక చిత్రమును చూపి "ఇది ఏమి?" అని అడుగవలదు, "ఏల అనుకొనుచున్నావు?" అని అడుగుడు. దిక్కు కొలిచి గాలితో పోల్చుమనుడు. పొడవు కొలిచి కాలముతో పోల్చుమనుడు. షెడ్డు నుండి రన్‌వేకు బాటను చూపుమనుడు. ఈ మూటికిని సమాధానము కుదిరినచో ఊరిలోని వృద్ధులను అడిగి, అవకాశమున్న పోయి చూచి, అప్పుడు పేరు వ్రాయించుడు. కుదరనిచో "తెలియదు" అని వ్రాయించుట మరింత మంచి పాఠము. మెడ్మెన్‌హామ్ పరిశీలకులైనను, మా వెనుక బెంచి విద్యార్థియైనను చేసినది ఒక్కటే: కనబడిన గీత అక్కడ ఎందుకున్నదో తెలిసికొన్న తరువాతనే దానికి పేరు పెట్టిరి.